కాంక్రీటుకు రసాయన కవచం

చూపులకు కాంక్రీటు బండరాయి వలె కనిపిస్తుంది. కాని సూక్ష్మదర్శినిలో చూస్తే అది రంధ్రాల పుట్ట. పని సులభమగుటకై సిమెంటుకు అవసరమైన దానికన్న ఎక్కువ నీరు కలుపుతారు. మిగులు నీరు ఆవిరైన చోట సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాననీటికి, సముద్రపు ఉప్పుకు అవే ద్వారాలు. ఉప్పు లోపలి ఇనుమును చేరితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును పగులగొడుతుంది. ఐర్లండ్‌లో కార్క్ తీరాన, మిజెన్ హెడ్ వద్ద 1910 ప్రాంతంలో కట్టిన కాంక్రీటు వంతెన ఉప్పుగాలికి ఇట్లే శిథిలమైంది. దానిని తొలగించి, అదే రూపంలో కట్టిన కొత్త వంతెనను 2011లో తెరిచారు.

ఈ రంధ్రాలను పూడ్చుటకు రసాయన శాస్త్రం మార్గం చూపింది. సిమెంటు నీటితో కలిసినప్పుడు ముఖ్యంగా రెండు పదార్థాలు పుడతాయి. మొదటిది బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్. రెండవది కాల్షియం హైడ్రాక్సైడ్, అనగా మనం ఎరిగిన సున్నమే. దీని వల్ల బలం తక్కువ. గట్టిపడిన కాంక్రీటుపై సోడియం లేక లిథియం సిలికేట్ ద్రావణం పోస్తే, అది లోనికి ఇంకి, ఆ సున్నంతో కలిసి మొదటి పదార్థాన్నే మరికొంత సృష్టిస్తుంది. రంధ్రాలు పూడి, ఉపరితలం దట్టమవుతుంది. నేల దుమ్ము రేగదు. సైలేన్ల పద్ధతి వేరు. అవి రంధ్రాలను పూడ్చవు. వాటి గోడలకు అంటుకొని తామరాకు వలె నీటిని నిలువనీయవు.

అయితే ఈ పూతల ప్రభావం సాధారణంగా కొన్ని మిల్లీమీటర్ల లోతు వరకే. కాంక్రీటు అంతటా సాంద్రత కావాలంటే, కలిపేటప్పుడే ఉక్కు కర్మాగారపు స్లాగు పొడినో, థర్మల్ కేంద్రపు బూడిదనో చేర్చాలి. అవి సున్నాన్ని లోలోపలే బలంగా మారుస్తాయి. కరక్కాయ నీటితో, బెల్లంతో గచ్చు చేసిన మన తాతల ఆలోచన కూడ ఇదే: మన్నిక మిశ్రమంలోనే ఉండాలి.

డోనెగల్, మేయో కౌంటీలలో వేలాది కుటుంబాలకు ఇది చేదు అనుభవం. అక్కడి ఇళ్ల కాంక్రీటు దిమ్మెలు పగిలి, పొడిపొడిగా రాలిపోయాయి. 2017లో నిపుణుల సంఘం డోనెగల్‌లో ప్రధానంగా అభ్రకాన్ని, మేయోలో పైరైట్‌ను కారణాలుగా పేర్కొంది. డోనెగల్ దిమ్మెలలో పిరోటైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఖనిజమే ముఖ్య కారణమని తరువాతి పరిశోధనలు సూచించాయి. తేమకు, గాలికి అది సల్ఫేటుగా మారి, సిమెంటుతో కలిసి ఉబ్బుతుంది. బాధితుల కోసం ప్రభుత్వం 2020లో సహాయ పథకం ప్రారంభించింది. 2022లో ప్రత్యేక చట్టం చేసింది.

రాతిలోనే దాగిన ఇట్టి దోషాన్ని ఏ పూతా నయం చేయలేదు. కనుక ఆ ప్రాంతాలలో ఇల్లు కొనదలచినవారు లోగుట్టు పెరుమాళ్లకెరుక అని ఊరుకోక, ఇంజనీరును పిలిచి, గోడ లోపలి నమూనాను ప్రయోగశాలలో పరీక్షింపజేయడం మేలు.