జోరీగ మోయు జ్వరము

మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు గల నేలలో హైదరాబాదు నగరము ఎంత వేగముగా వ్యాపించుచున్నను, మూడు తెగల జంతువులు ఇంకను ఇరుగుపొరుగుగానే బ్రతుకుచున్నవి: జవహర్ జింకల ఉద్యానమునందలి చుక్కల దుప్పులు, చెరువు చుట్టుప్రక్కల బీళ్లలో మేయు ఆవులు గేదెలు, సవారికిని పెండ్లి ఊరేగింపులకును పెంచు గుర్రములు. దుప్పి అటవీశాఖ పాలిటిది, గేదె పశువైద్యశాఖ పాలిటిది, గుర్రము దాని యజమాని పాలిటిది. ఈ పంపకము కాగితములకు చక్కగా సరిపోవును గాని, వాన వెలిసిన పిమ్మట చెరువుగట్టున లేచు జోరీగ దానిని లక్ష్యపెట్టదు.

ఆ ఈగ మోయు రోగములలో గుర్రము పాలిట మిక్కిలి క్రూరమైనది సర్రా. 1880లో పంజాబు పడమటి సరిహద్దునందలి డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సైన్యపు గుర్రములును ఒంటెలును కారణము తెలియక కృశించి చచ్చుచుండగా, విచారణకై పంపబడిన గ్రిఫిత్ ఎవాన్స్ అను వేల్స్ దేశపు అశ్వవైద్యుడు రోగిష్ఠి గుర్రపు రక్తపుబొట్టును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, ఎర్రకణముల నడుమ మెలికలు తిరుగుచు వానిని అటునిటు త్రోయుచున్న ఏకకణజీవిని కనుగొనెను. ఆ రక్తమును ఆరోగ్యముగా నున్న గుర్రమున కెక్కించి, రోగము పుట్టుటయు చూచెను. పైవారు నమ్మలేదు. కలకత్తాలో తిమోతి లూయిస్ అంతకుముందే ఎలుకల రక్తములో అట్టి జీవిని చూచి నిరపాయకరమని తలచి యుండెను. క్షయ క్రిమిని కోక్ ప్రకటించుటకు ఇంకను రెండేండ్లు గడువున్న కాలమది. గుర్రపు వైద్యుని మాట చెల్లకపోవుట వింత గాదు. నేడు ఆ జీవి పేరు ట్రిపనోసోమా ఎవాన్సై.

రోగము సోకిన గుర్రమునకు జ్వరము వచ్చుచు పోవుచుండును. కాళ్లును పొట్ట అడుగును నీరుపట్టి ఉబ్బును. మేత తినుచున్నను చిక్కిపోవును. రక్తము పలుచబడి కనుకొలకులు తెల్లబారును. తుదకు వెనుకకాళ్లు తడబడి కూలును. జ్వరము విడిచి విడిచి వచ్చుటకు గల హేతువే ఈ రోగమునందలి ముఖ్యరహస్యము. పరాన్నజీవి ఒంటినిండ ఒక ప్రొటీన్ కవచము తొడుగుకొని యుండును. గుర్రపు దేహము ఆ కవచమును గుర్తించి ప్రతిరక్షకములను సిద్ధపరచి వేలకొలది జీవులను చంపునంతలో, కొన్ని మాత్రము వేషము మార్చిన పగటివేషగానివలె వేరొక కవచముతో వెలువడి తిరిగి ప్రబలును. జ్వరము మరల ఎగయును. శామీర్‌పేట చెంతనే జీనోమ్ వ్యాలీలో ప్రపంచమునకు టీకాలు తయారగుచున్నవి గదా, దీనికొకటి ఏల లేదని అడుగువారికి సమాధానమిదియే. ఏ కవచమునకు టీకా చేయవలెను?

ఈగ పాత్ర తేలుటకు మరి ఇరువదియేండ్లు పట్టినది. 1897లో ఇచటికి అంతదూరము గాని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూచెను; 1901లో లియొనార్డ్ రోజర్స్ సర్రాను జోరీగ మోయునని నిరూపించెను. ఐతే ఈ రెంటికిని గొప్ప భేదము గలదు. మలేరియా జీవి దోమలో పెరిగి రూపము మార్చుకొనును. సర్రా జీవి ఈగలో పెరుగదు. రక్తమంటిన ముఖభాగములపై కొద్ది నిమిషములు మాత్రమే బ్రతికి యుండును. ఆడజోరీగ చర్మమును కోసి రక్తము త్రాగుచుండగా బాధకోర్వలేక గుర్రము తోక విసరును. సగము కడుపుతో లేచిన ఈగ వెంటనే ప్రక్కనున్న జంతువుపై వ్రాలును. రోగము దాటుట కంతమాత్రము చాలును. చెరువంచు తుంగపై గ్రుడ్లుపెట్టి, తడిమంటిలో పిల్లలను పెంచు ఈ ఈగకు శామీర్‌పేట వంటి తావు పుట్టినిల్లు. మగది పాపము పూదేనెతోనే సరిపెట్టుకొనును.

ఆవులును గేదెలును ఈ జీవిని మోయుచు పెక్కుసార్లు పైకి ఆరోగ్యముగనే కనబడును. దుప్పిజాతికిని ఇది సోకగలదు. మాంసాహార మృగములకు రోగపశువు పచ్చిమాంసము నోటిలోని గాయముల ద్వారా కూడ దీనిని అంటించును. 2000వ సంవత్సరము జూలైలో ఒడిశాలోని నందన్‌కానన్ జంతుప్రదర్శనశాలలో పదికి పైగా పులులు కొద్దిరోజులలో ఈ రోగముననే చచ్చెను. మనుష్యుని రక్తమునందలి ఎపోలైపోప్రొటీన్ ఎల్-1 అను పదార్థము ఈ జీవిని చంపును గనుక మనకు భయము లేదనుకొనుచుండగా, మన ఆదిలాబాదు సీమకు ఆనుకొనియున్న చంద్రపూర్ జిల్లాలో 2004లో ఒక రైతుకు ఇది సోకెను. అతని రక్తములో ఆ ప్రొటీన్ పనిచేయుట లేదని పిమ్మట తేలినది. సురామిన్ అను మందుతో అతడు కోలుకొనెను.

కాబట్టి గుర్రమును గుర్రముగను, దుప్పిని దుప్పిగను విడివిడిగా పరీక్షించినంత కాలము ఈ రోగము చిక్కదని నా నిశ్చితాభిప్రాయము. రాజేంద్రనగరములో పశువైద్య కళాశాల యున్నది. అత్తాపూరులో, 2006లో కృత్రిమ గర్భధారణచే చుక్కల దుప్పిపిల్లను పుట్టించిన లాకోన్స్ ప్రయోగశాల యున్నది. చెరువు చుట్టు మేయు పశువుల రక్తమును, చనిపోయిన దుప్పుల రక్తమును ఏటేట ఒక్క బల్లపై పరీక్షించుట వీరికి అసాధ్యము గాదు.

గుర్రములు పెంచువారికి నా మనవి ఇది. క్రొత్త గుర్రమును తెచ్చినపుడు రక్తపరీక్ష ముగియువరకు తక్కినవానితో కలుపకుడు. వానకాలమున గుర్రపుసాలను గేదెల కొట్టమునకు ఎడముగా నుంచుడు. మందు మోతాదును మీరై తగ్గింపకుడు; చావక మిగిలిన జీవులు మరల మందునకు లొంగకపోవచ్చును. జ్వరము వచ్చి పోవుచున్నచో, అది దిగిన పిమ్మట గాక, ఒళ్లు కాలుచున్న వేళనే పశువైద్యునిచే రక్తము తీయించుడు. జీవి రక్తములో కనబడు సమయమదియే.