కడుపు కాలుటయు, కలేజా చీలుటయు



నేను బడిపంతులుగా నున్న దినములలో మా వీథిలోని యొక ముసలమ్మను పట్టణమునందలి ఆస్పత్రికి తోడ్కొని పోయితిని. చేతికంది వచ్చిన కొడుకు పోయి యామెకు నెల దాటినది. నిద్ర లేదు, అన్నము సయింపదు. వైద్యుడు ఉత్తరాదివాడు, పడుచువాడు. తెలుగు అప్పుడప్పుడే కూడబలుకుకొనుచున్నాడు. బాధ యేమని యడుగగా నామె, "ఏం చెప్పను నాయనా, కడుపు కాలిపోయింది" అన్నది. ఆయన కడుపులో మంటకు మందు వ్రాసి, కారమును పులుపును మానుమనెను. ముసలమ్మ ఆ చీటి పట్టుకొని నా మొగము చూచినది.

నాకు వచ్చిన కొలది హిందీతో, "అయ్యా, ఈమె కలేజా చీలిపోయినది" అంటిని. ఆయన కలము క్రింద బెట్టి, "ఎవరు పోయిరి?" అని యడిగెను.

కలేజా యనగా కాలేయము. ఆ వైద్యుడు కాలేయమెక్కడ నుండునో, దాని పనియేమో యెఱిగినవాడే. అయినను ఆ మాట విన్నప్పుడు ఆయనకు కాలేయము తోచలేదు, దుఃఖము తోచినది. మనకు కడుపు కాలినదనిన జీర్ణకోశము తోచనట్లే.

దీనిని మన యలంకారశాస్త్రము లక్షణ యనును. మాటకు మొదటి యర్థము పొసగనప్పుడు దానికి సంబంధించిన వేఱొక యర్థమును గ్రహింతుము. అట్లు గ్రహించుట వాడుకచేత స్థిరపడినచో రూఢి. పదునొకండవ శతాబ్దివాడైన మమ్మటుడు కావ్యప్రకాశమున దీనిని విశదముగా జెప్పినాడు. 1980లో అమెరికాదేశమున లేకాఫ్, జాన్సన్ అను నిరువురు గ్రంథము వ్రాసి, రూపకము కవుల సొత్తు కాదనియు, జనుల నిత్యభాషణమంతయు దానితో నిండియున్నదనియు జూపిరి. ఇది మనవారెఱిగినదే యని మొదట నేను కొంత గర్వించితిని. కాని న్యాయముగా జెప్పవలెను: మనవారు ప్రధానముగా మాట యొక్క శక్తిని విచారించిరి, వీరు, మన ఆలోచనయే ఆ దారిని నడచునని మఱియొక యడుగు వేసిరి.

మలయుభాషలో మనస్సునకు స్థానము కాలేయమే. నొచ్చుకొనినవానికి కాలేయము నొచ్చినదందురు. చిన్నబుచ్చుకొనినచో కాలేయము చిన్నదైన దందురు. జపానువారికి కోపము వచ్చినచో కడుపు లేచి నిలుచును. చీనావారు కోపించుటను వాయువు పుట్టుటగా జెప్పుదురు. మనకో, కన్నప్రేమ కడుపుతీపి, బిడ్డను పోగొట్టుకొనుట కడుపుకోత. ఉదరమునకును గర్భమునకును మనవారు ఒక్క మాటనే వాడుటచే ఈ పలుకుబడులకు అంత బలము కలిగినది. ఇక శోకమునకు మన మనునది "గుండె చెఱువైన"దని. చెఱువు నిండి కట్ట తెగుట కన్నులార చూచిన పల్లెవారు పుట్టించిన మాట యిది యని నాకు తోచును. ఏ పండితుడును దీనికి సాటి కల్పింపజాలడని నా నమ్మకము.

సంస్కృతమున స్నేహమనిన చెలిమియే కాదు, నూనెయు నగును. రాగమనిన రంగు, ఎఱుపు; ప్రేమయు నదే. దయగలవాడు ఆర్ద్రహృదయుడు, అనగా తడిసిన హృదయము గలవాడు.

ఆంగ్లేయుల దేశము చలిదేశము. వారికి వెచ్చదనమే ఆదరము. చల్లని స్వాగతమనిన అనాదరము. ఎండలలో బ్రదుకు మనకు చల్లదనమే క్షేమము; చల్లగా నుండుమని దీవింతుము. అయినను శీతోష్ణములే సర్వకారణమనరాదు. కోపమునకు వారును వేడినే వాడుదురు, రక్తము మరిగినదందురు. కోపమున మొగమునకు నెత్తురెక్కి వేడి పుట్టుట ఏ దేశపు మనుష్యునకైనను ఒక్కటే కదా!

కావున బడిలో పిల్లలచే అనువాదము చేయించునప్పుడు నిఘంటువు తెఱచుటకు ముందు, "ఈ మాట యెవరు, ఎప్పుడు అందురు?" అని యడుగుచుండెడివాడను. ఈ పద్ధతి ఆ ఆస్పత్రిలోనే నాకబ్బినది.

ఆనాడు వైద్యుడు మొదటి చీటి చింపి, ముసలమ్మను చాలసేపు కూర్చుండబెట్టి మాటాడెను. నేనిటునటు దుబాసినైతిని. లేచునప్పుడామె ఆయన తలపై చేయి యుంచి, "నీ కడుపు చల్లగా" అన్నది. ఆయన నా వైపు చూచెను. కలేజా చల్లబడుట యని వారి భాషలోను కలదు గాని, అది పగ తీరిన తృప్తికిని వాడుదురు. ఆ మాట నానోట రాలేదు. "దీవించుచున్నది" అని మాత్రము చెప్పితిని.