పొయ్యి నింట విడిచి భద్రాద్రికి

ప్రయాణమనగానే మన యిండ్లలో మొదట మేలుకొనునది పొయ్యి. సెలవుదినముల యుదయమున మధిర రైలుస్టేషనులో గాని బస్సులు నిలుచు చోటగాని కొంతసేపు నిలిచి చూచినవారికి మా మాట బోధపడును. పురుషుని చేత నొక చేతిసంచి యుండును. పిల్లల చేతులు ఖాళీ. ఇల్లాలి చేతులలో మాత్రము పులిహోర గిన్నె, పెరుగు డబ్బా, జంతికల డబ్బా, బియ్యము పప్పుల మూట, వండుకొనుటకు నాలుగు పాత్రలు. తెల్లవాఱుజామున మూడు గంటలకు లేచి ఇవన్నియు సిద్ధపఱచినది ఆమెయే. సత్రము చేరిన పిదప ఎసరు పెట్టునదియు నామెయే. తక్కినవారు గోదావరి గాలికి తిరుగుచుండగా అంట్లగిన్నెల యెదుట కూర్చుండునదియు నామెయే. పలుమాఱులు భద్రాచలము పోయియు పర్ణశాల చూడని యిల్లాండ్రు మన యిరుగుపొరుగులలోనే కలరు.

మూడు దినముల సెలవు దొరకినచో మధిర కుటుంబము ఖమ్మము, భద్రాచలములు చూచి రావచ్చును. ఆ మూడు దినములును ఇల్లాలు గరిటె పట్టనక్కఱలేదని మా యభిప్రాయము. ఏ యూరి కేగిన ఆ యూరి తిండి తినుటయు నా యూరిని చూచుటలోని భాగమే గదా. ఇంటి పులిహోరనే మోసికొనిపోయి గోదావరి యొడ్డున తినివచ్చినవారు ఊరు సగమే చూచినవారగుదురు.

ఖర్చు మాటయా? 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ ఆర్టీసీ వారి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో రాష్ట్రమునందలి స్త్రీలకు టికెట్టు సొమ్ము లేదు. ఆధారు కార్డు చూపినచో కండక్టరు సున్న టికెట్టు నిచ్చును. అత్తగారు, కోడలు, ఆడపిల్లలు కలిసి పోవునప్పుడు మిగులు సొమ్మును భోజనములకు వాడుకొనవచ్చును. విజయవాడ వైపునుండి చుట్టములు తోడు వచ్చుచున్నచో ఒక్క సంగతి చెప్పియుంచుడు: ఆంధ్రప్రదేశములోను 2025 ఆగస్టు 15నుండి యిట్టి సదుపాయమే కలదు గాని, ఏ రాష్ట్రపు ఉచితము ఆ రాష్ట్రపు సరిహద్దు వఱకే.

ఇక పెద్దవారి యభ్యంతరము. బయటి తిండి సరిపడదనియు మడి చెడుననియు అందురు. ఇంటి వంట ఆరోగ్యమనుట నిజమే. అయితే ఆ మాట గట్టిగా పలుకువారిలో గిన్నె మోయువా రరుదు. మూతలేక ఈగలు ముసరు తినుబండారములను, కోసి యుంచిన పండ్లను విడిచి, అప్పటికప్పుడు పొయ్యి మీదనుండి దిగిన యిడ్డెనలు, అన్నము తినినచో చాలవఱకు భయము లేదు. కాచి చల్లార్చిన నీరు మాత్రము వెంట నుంచుకొనుడు. మడి గల పెద్దలకు భద్రాచల దేవస్థానమువారి నిత్యాన్నదానము కలదు. దేవుని ప్రసాదమునకు ఏ యత్తగారును వంక పెట్టరు.

మొదటి దినము ఖమ్మము. రైలులో ఇంచుమించు గంటసేపటి ప్రయాణము. స్తంభాద్రి కొండ మీద నరసింహస్వామి కొలువున్నాడు. ఆ స్తంభమునుండియే యీ యూరికి ఖమ్మమను పేరు వచ్చినదని చెప్పుదురు. కాకతీయుల నాటి కోటను ఎండ ముదరకమునుపే ఎక్కుట మంచిది. కోట దాపున జాఫరు బావి యను మెట్లబావి కలదు. నీళ్లు మోసిన వంశములవారము గనుక, మనకు బురుజులకంటె ఆ మెట్లే యెక్కువ మాట్లాడును. మాఘ ఫాల్గుణములలో పోవువారు ఇక్కడి మిర్చి యార్డును దూరమునుండియైనను చూడవలెను. మన పచ్చళ్ల జాడీలలోని యెఱుపు ఎంత చెమటతో వచ్చుచున్నదో అక్కడ తెలియును. ముక్కునకు చెంగు అడ్డము పెట్టుకొనుట మఱువకుడు.

భోజనపు హోటలులో విస్తరి ముందు కూర్చున్నప్పుడు పిల్లల కొక ముచ్చట చెప్పవచ్చును. మన మధిర ఒకప్పటి కృష్ణాజిల్లాకు, 2022నుండి ఎన్టీఆర్ జిల్లాకు, సరిహద్దు. అందుచేత ఒకే విస్తరిలో కోస్తావారి గోంగూరయు తెలంగాణమువారి పచ్చిపులుసును పక్కపక్కనే కూర్చుండును. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి, పచ్చిమిర్చి కాల్చి కలిపిన యా పులుసు పొయ్యి యెక్కక పోయినను, ఎండకాలమున దానికి మించిన చలువ వేఱు లేదు.

తీరిక యున్నచో నేలకొండపల్లి చూడుడు. భద్రాచల రామదాసని లోకము పిలుచు కంచర్ల గోపన్న పుట్టిన యూరది. బౌద్ధస్తూప మొకటియు నక్కడ కలదు.

రెండవ దినము అడవి దారి. ఖమ్మమునుండి బస్సు వైరా, తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోవును. వైరాలో నిజాము ప్రభుత్వము నాటి జలాశయము కలదు. చేపలు తినువారికి ఆ యూరు తెలిసినదే. రైలులో పోదలచినవారి కొక హెచ్చరిక: భద్రాచలం రోడ్డను స్టేషను ఉన్నది కొత్తగూడెములో. అక్కడ దిగి యింకను నలువది కిలోమీటర్లు బస్సులో పోవలెను.

భద్రాద్రి దేవుని మొదటి నైవేద్యము ఏదో తెలియునా? స్థలపురాణము చెప్పుదాని ప్రకారము, పుట్టలో నున్న రామమూర్తిని మొదట కనుగొన్నది పోకల దమ్మక్క యను కోయ స్త్రీ. గోదావరి నీరు పోసి పుట్టను కరగించి, పందిరి వేసి, చెట్టునుండి రాలిన తాటిపండును స్వామి కర్పించినదట. గోపన్న పాల్వంచ తహశీల్దారై గుడి కట్టించుటయు, గోలకొండ చెఱ పాలగుటయు పదునేడవ శతాబ్దపు మాట. దమ్మక్క తాటిపండు అంతకు ముందటిది. శబరి యెంగిలి పండ్లు తినిన దేవుడు తాటిపండు తినుటలో వింత లేదు. పొలిమేర దాటినంతనే మైలపడునని మనము భయపడుచున్నాముగాని, ఆ కొండమీది దేవు డడవి తిండితోనే ఆరంభించినాడు.

రామదాసు చేయించిన నగలను కోవెలలో చూపుదురు. సీతమ్మవారి చింతాకు పతకము పేరు వినని యాడుబిడ్డ యుండదు, వెదకి చూడుడు. గిరిజనుల వస్తువులను ప్రదర్శించు మ్యూజియము నొకదానిని ఐటిడిఏ వారు ఇక్కడ నడుపుచున్నారు. పిల్లలున్నవారు దానిని విడువరాదు.

మాంసము తినని యిండ్లవారు ఈ నాలుగు పంక్తులు దాటి చదువవచ్చును. ఏజెన్సీ ప్రాంతపు బొంగుకోడి కీర్తి పెద్దది. పచ్చి వెదురు బొంగులో కారము, అల్లము వెల్లుల్లి పట్టించిన మాంసమును కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. నూనె పోయరు, నీరు పోయరు. బొంగులోని తడియే దానిని ఉడికించును. చేయుచుండగా చూచి తినుట మేలు. వేసవి మొదట పోవువారికి ఇప్పపువ్వు రాలు కాలమగును. కొద్దినాళ్లకే తునికి పండ్లు వచ్చును. ఈ రెంటిని మన పిల్లలు పుస్తకములలో చదివి యుందురే గాని నోట వేసికొని యుండరు.

ఇంకొక్క వస్తువు. భద్రాచలపు స్త్రీలు కొందఱు, మునుపు పొలములలో కూలిపని చేసినవారే, సంఘముగా చేరి చిఱుధాన్యములతో బిస్కట్లు చేయుచున్నారు. భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్ అని వాని పేరు. 2025 జూనులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున వీరిని ప్రస్తావించినారు. ఊరికి తెచ్చుటకు ప్లాస్టిక్ బొమ్మలకంటె ఇవి మేలు. మనము పొయ్యి విడిచి వచ్చిన మూడు దినములలో మన సొమ్ము మఱియొక స్త్రీ పొయ్యికి చేరును.

మూడవ దినము పర్ణశాలకు. ముప్పదియైదు కిలోమీటర్లు, దుమ్ముగూడెము దారి. సీతవాగు రాళ్లమీద సీతమ్మ పసుపుకుంకుమల రంగులనియు, నారచీర లాఱవేసిన గుఱుతులనియు చూపుదురు. నమ్ముటయు మానుటయు ఎవరి యిష్టము వారిది. అరణ్యవాసములో సీతమ్మ కూడ బట్టలుతికి ఆఱవేసినదని ఊహించుకొన్న మన పూర్వపు స్త్రీల మనసు మాత్రము ఆ రాళ్లమీద స్పష్టముగా కనబడును. ఇక్కడ తొందర పెట్టువారి మాట వినకుడు.

ఆషాఢ శ్రావణములలో ఈ ప్రయాణము వలదు. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులు చేరగానే మొదటి హెచ్చరిక వేయుదురు. 1986లో అది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా లేచినది. శ్రీరామనవమికి కల్యాణము కన్నులపండువే గాని బస దొరకుట కష్టము. కార్తికము మొదలు ఫాల్గుణము వఱకు హాయి.

బయలుదేరుటకు ముందుదినమే ఇంటిలో నొక యేర్పాటు చేసికొనుడు: తిరిగివచ్చిన రాత్రి అన్నము వండువారెవరో, మఱునాడు బట్టలు నానవేయువారెవరో. ఆ పేర్లలో ఇల్లాలి పేరుండరాదు. పదియేండ్లు దాటిన కుమారునికి బియ్యము కడుగుట నేర్పుటకు ఇంతకంటె మంచి సమయము దొరకదు.