మోదుగపూవు, లక్కపురుగు: ఒక పాత చిత్రము



మోదుగచెట్టు నెరుగనివారు మీలో నుండరు. దాని యాకులతో విస్తళ్లు కుట్టితిమి; దాని పూలనుడికించి కామునిపున్నమకు రంగు చేసితిమి. చిలుకముక్కును బోలుటచే మన పూర్వులు దీనిని కింశుకమనిరి. ‘ఇది చిలుకయా?’ యని యా పేరున కర్థము. ఈ పూవునకు వ్రాసిన యొక పాత చిత్రమును గూర్చి నేడు మనవి చేసెదను.

1781 ప్రాంతమున విలియం రాక్స్‌బర్గను స్కాట్లండు వైద్యుడు కుంపిణీ కొలువుపై గోదావరిసీమ యందలి సామర్లకోటకు వచ్చెను. రోగులను జూచుటతో తనివి చెందక యచ్చటి మొక్కలను పరీక్షింప మొదలిడెను. 1787లో కోరంగి ఉప్పెనకు ఆయన గ్రంథములును వ్రాతలును నీటిపాలయ్యెను. అయినను మరల బూని, దేశీయ చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వ్రాయించెను. వానిలో నేరిన 300 చిత్రములు 1795 మొదలు 1820 వరకు లండనులో ‘కోరమాండలు తీరపు మొక్కలు’ అను పేర మూడు సంపుటములుగా వెలువడినవి.

ఈ చిత్రములు కేవలము గోడకు వ్రేలాడదీయు పటములు కావు. చిత్రకారుడు కొమ్మను కన్నులయెదుట నుంచుకొని, ఆకు ఈనెలను, మొగ్గమీది నూగును సైతము విడువక వ్రాయును. పిదప పూవును విప్పి, రేకులను, కేసరములను, కాయను వేర్వేరుగా చూపును. దానిని రాగిరేకుపై చెక్కి అచ్చొత్తి, ఒక్కొక్క ప్రతికి చేతితో రంగులు వేసెడివారు. ఆ మొక్క నెన్నడును చూడనివాడు సైతము చిత్రమును బట్టి దానిని గుర్తింపగలుగవలెను. అదియే దాని ప్రయోజనము.

మొదటి సంపుటముననే మన మోదుగ కలదు. దాని కొమ్మలను లక్కపురుగు లాశ్రయించును. లక్క చెట్టుజిగురు కాదు. కంటికి కనబడీ కనబడని పురుగు చెట్టురసమును త్రాగి తనచుట్టు కట్టుకొను గూడు. ఆ పురుగును గూర్చి రాక్స్‌బర్గు సామర్లకోటనుండి పంపిన వ్యాసమును లండనులోని రాయల్ సొసైటీ 1791లో ప్రకటించెను. పాండవుల దహింపనెంచి కట్టిన లక్కయింటికి మూలమును ఈ చిన్నప్రాణియే!

ఆ గ్రంథమున లాటిను పేరులతోపాటు తెలుగు పేరులును గలవు. జ్వరమునకు మందని చెప్పబడిన సోమిదమాను పేరు, ఆ త్రోవనే శాస్త్రమున కెక్కి, నేటికిని ‘సోయ్మిడా’ యని లోకమున చెల్లుచున్నది. బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేరులు మాత్రము గ్రంథమున లేవు. వారి చేతిపని నిలిచినది, పేరు పోయినది.

మనకు నేడు మరియొక నష్టము కలుగుచున్నది. నేను బడి విడుచుటకు ముందొకనాడు గరిడేపల్లి పిల్లలకు ఈ చిత్రమును చూపి పేరడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. చెట్టు ఊరిబయటనే యున్నది. పేరు మాత్రము మీ నోట నిలిచిపోయినది.

కావున నొక్క ప్రార్థన. ఈ ఫాల్గుణమున మనుమలను వెంటగొని పొలముగట్టునకు పొండు. పూవును విప్పి చూపుడు, పేరు చెప్పుడు, బొమ్మ వ్రాయింపుడు. బొమ్మక్రింద పూవు పేరును, వ్రాసిన బిడ్డ పేరును తప్పక వ్రాయింపుడు.