బ్యాంకు కాదంటే షావుకారే దిక్కా?

పిల్లవాడికి కాలేజీ ఫీజు కట్టాలి. లేదా ఇంట్లో ఎవరికో ఆపరేషన్ చేయించాలి. చేతిలో ఉన్నది చాలక బ్యాంకుకు వెళితే మేనేజరు కంప్యూటరులో చూసి "మీకు రాదండీ" అన్నాడు. ఆ మాట విన్న మనిషి ఇంటికి పోడు. నేరుగా వడ్డీ వ్యాపారి అరుగెక్కుతాడు. సాయంత్రానికి డబ్బు చేతికి వస్తుంది. ప్రోనోటు మీద సంతకమూ పడిపోతుంది. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు ఏ ఊరు వెళ్లినా ఇది కొత్త కథ కాదు.

బ్యాంకు మెట్లకూ షావుకారు అరుగుకూ మధ్య ఆగి అడగవలసిన చోట్లు నాలుగైదు ఉన్నాయి. వాటి సంగతి తెలియకనో, అడగడానికి మొహమాటపడో చాలామంది దాటిపోతున్నారు.

కారణం రాసి ఇమ్మనండి

మొదట అడగవలసింది కాదన్న బ్యాంకునే. అప్పు చిన్నదైనా పెద్దదైనా దరఖాస్తు తిరస్కరిస్తే ముఖ్య కారణం రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. దరఖాస్తు అందినట్టు రసీదు కూడా ఇవ్వాలి. మనం చేసే పొరపాటేమంటే నోటితో అడుగుతాం, వాళ్లు నోటితోనే కాదంటారు. దరఖాస్తే లేనప్పుడు కారణం రాసిచ్చే పని వారికేం ఉంటుంది? అందుకని ముందు కాగితం ఇవ్వాలి. బ్యాంకు నిబంధన పాటించకపోతే దానికే ఫిర్యాదు రాసి ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే వివరం చెబుతారు. అయితే అంబుడ్స్‌మన్ అప్పు ఇప్పిస్తాడని ఆశపడవద్దు. ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టం.

కారణం చాలాసార్లు పాత బాకీయే. 2014లో రుణమాఫీ మాట విని వాయిదాలు ఆపేసిన రైతులు ఎందరో. ఆ మచ్చ కొందరిని ఏళ్ల తరబడి వెంటాడింది. పక్కింటాయన అప్పుకు జామీను పడి, ఆయన కట్టకపోతే తన పేరు చెడగొట్టుకున్నవారూ ఉన్నారు. ఒక్కోసారి తీర్చేసిన అప్పు కూడా తీరనట్టే కనబడుతుంది. సిబిల్ వంటి నాలుగు సంస్థలు మన అప్పుల చరిత్ర రాసి పెడతాయి. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికి ఒకసారి ఆ నివేదిక ఉచితంగా తీసుకోవచ్చు. ఫోను వాడకం తెలిసిన ఇంటి పిల్లలే తీసి పెట్టగలరు. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

కౌలు రైతు కష్టం వేరు. దున్నేది ఇతడు, పాసుపుస్తకం ఆసామిది. ఆ పొలం మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కార్డు ఇస్తామన్నా దానికి యజమాని సంతకం అడిగింది. ఆ సంతకం పెట్టే ఆసాములు ఎంతమందో కౌలు చేసేవారికే తెలుసు! ఇలాంటివారు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యత బృందంగా ఏర్పడితే పొలం తాకట్టు లేకుండా బ్యాంకు రుణం అడగవచ్చు. 2025 జనవరి 1 నుంచి రూ.2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదన్న నిబంధన కూడా ఉంది. పెట్టుబడికి షావుకారు దగ్గరకు పోవడం తప్పితే ఇంటి ఖర్చుకు పోవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.

ఊళ్లోనే ఉన్న దారులు

ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే మొదట అక్కడ అడగాలి. సంఘం పొదుపులోంచి సభ్యులకు ఇచ్చే అప్పుకు వడ్డీ ఎంతో సభ్యులే తీర్మానించుకుంటారు. అది వ్యాపారి జేబులోకి పోదు, సంఘంలోనే ఉంటుంది. ఆసుపత్రి వంటి అత్యవసరానికి గ్రామ సంఘం ద్వారా స్త్రీనిధి రుణం ఉంది. 2011లో మొదలైన ఈ సంస్థ త్వరగా డబ్బు అందించడానికే పుట్టింది. మగవారు ఈ మాట ఇంట్లో అడగడానికి చిన్నతనపడుతున్నారు. వ్యాపారి ముందు చేతులు కట్టుకుని నిలబడటం కంటే ఇందులో చిన్నతనమేముంది?

బంగారం ఉంటే పాత బాకీ ఉన్నవాడికి కూడా అప్పు పుట్టే అవకాశం ఎక్కువ. సహకార బ్యాంకుల్లోనూ ఈ రుణాలు ఇస్తారు. కుదువ కొట్టులో పెట్టి చీటీ ముక్క తెచ్చుకోవడం కంటే ఇది మేలు. రిజర్వు బ్యాంకు 2025లో చేసిన నిబంధనల ప్రకారం రూ.2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో నూటికి 85 దాకా ఇవ్వవచ్చు. బాకీ తీరిన ఏడు పని దినాల్లో వస్తువు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చెల్లించాలి.

చీటీ పాడుకుని గట్టెక్కేవారు ఉన్నారు. అది 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీయేనా అని చూసుకోవాలి. పసుపు, మొక్కజొన్న నిల్వ ఉన్నవారు తొందరపడి తక్కువ ధరకు అమ్ముకోనక్కరలేదు. నమోదైన గోదాములో పెట్టి ఆ రసీదు మీద అప్పు తీసుకోవచ్చు.

వడ్డీ లెక్క వేలి మీద

ఇన్ని దారులూ మూసుకుపోతే చేబదులో, వడ్డీ అప్పో తప్పదు. అప్పుడు లెక్క వేసుకోవాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12. మూడు రూపాయలంటే 36. రూ.50,000కు రూపాయి వడ్డీ అయితే ఏడాదికి రూ.6,000, మూడు రూపాయలైతే రూ.18,000.

ఇది పైకి కనబడే లెక్క. కనబడనిది మరొకటి ఉంది. రూ.50,000 ఇచ్చి, "రెండు రూపాయల వడ్డీయే, పది నెలల్లో వాయిదాలుగా కట్టు" అంటారు. నెలకు అసలు రూ.5,000, వడ్డీ రూ.1,000. అసలు నెలనెలా తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే వేస్తున్నారు. పదో నెలలో మన దగ్గర మిగిలిన అసలు రూ.5,000. దానికీ వెయ్యి రూపాయల వడ్డీయే! లెక్క కడితే ఇది రెండు రూపాయలు కాదు, దాదాపు మూడున్నర రూపాయల వడ్డీ.

దినవారీ ఫైనాన్సు ఇంకా ఘోరం. పదివేలు అని చెప్పి వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. నిజానికది నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ. సంతలో బండి పెట్టుకున్నవారి లాభమంతా ఇందులోనే పోతోంది.

ఇంటి ముందుకు వచ్చి గుంపులు కట్టించి అప్పులిచ్చే మైక్రోఫైనాన్సు కంపెనీల సంగతి మన రాష్ట్రానికి కొత్త కాదు. వేధింపులు, ఆత్మహత్యల తరువాత 2010లో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2022 నిబంధనల ప్రకారం కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. తాకట్టు అడగకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఇక ఫోనులో క్షణాల్లో అప్పిస్తామనే యాప్‌లు మన ఫోను నంబర్లన్నీ చూస్తామని అడిగితే అక్కడే ఆపేయాలి. బంధువులకు ఫోను చేసి పరువు తీసేది ఆ నంబర్లతోనే.

సంతకం పెట్టే ముందు

అన్నిటికంటే ప్రమాదం ఖాళీ ప్రోనోటు. స్టాంపు మీద సంతకం పెట్టి అంకె రాయకుండా ఇస్తే, దాన్ని పూర్తి చేసే అధికారం పట్టుకున్నవాడికి 1881 నాటి చట్టమే ఇస్తోంది. తరువాత "నేను తీసుకున్నది ఇంతే" అని నిరూపించుకోవడం మన మెడకు పడుతుంది. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ, తేదీ, వడ్డీ రేటు మన కళ్లముందు రాయించాలి. ఖాళీ చెక్కు ఇవ్వడం మరీ చేటు. అది చెల్లకపోతే క్రిమినల్ కేసు అవుతుంది. "ఊరికే ధైర్యం కోసం" అంటూ పొలాన్ని అమ్మకం దస్తావేజుగా రాయించుకునేవారి దగ్గరకు అసలే పోకూడదు.

కట్టిన ప్రతి పైసాకూ నోటు వెనక చెల్లు రాయించాలి. నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. అందుకే వ్యాపారి మూడో ఏట గుర్తుపెట్టుకుని వంద రూపాయలైనా కట్టించుకుంటాడు. కట్టే డబ్బు ఫోను ద్వారానో, బ్యాంకు ద్వారానో పంపితే ఆ రుజువు మనకూ మిగులుతుంది.

బాకీ తీరేనాడు "నోటు పట్నంలో బీరువాలో ఉంది, రేపు ఇస్తాలే" అంటారు. చివరి వాయిదా ఆ రేపటికే అట్టే పెట్టుకోండి. నోటు చేతికి వచ్చాక, మీ సంతకమేనా అని చూసుకుని, అప్పుడు డబ్బు ఇవ్వండి.