శాతం సెల్‌లో కనిపించేది ఒకటి, లోపల ఉండేది ఒకటి

సానపట్టని ముడి వజ్రాలపై మన దేశంలో జీఎస్టీ 0.25 శాతం. లక్ష రూపాయల సరుకుకు పన్ను 250 రూపాయలు. స్ప్రెడ్‌షీట్‌లో అదే రేటు 25 శాతంగా నమోదైతే పన్ను 25,000 రూపాయలవుతుంది. రెండు సందర్భాల్లోనూ టైపు చేసింది 0.25 అనే కావచ్చు. మరి తేడా ఎక్కడ వస్తుంది?

శాతం అంటే నూటికి ఇంత అని అర్థం. అందుకే స్ప్రెడ్‌షీట్ 18 శాతాన్ని 18గా కాకుండా 0.18గా దాచుకుంటుంది. తెరపై చూపేటప్పుడు దాన్ని 100తో గుణించి, పక్కన % గుర్తు పెడుతుంది. అంటే శాతం ఫార్మాట్ మార్చేది సంఖ్య కనిపించే తీరునే, దాని విలువను కాదు.

ఫార్మాట్ ముందా, సంఖ్య ముందా?

ఎక్సెల్‌లో మామూలు సెల్‌లో 18 అని టైపు చేసి, తర్వాత శాతం ఫార్మాట్ ఇస్తే 1800% అని కనిపిస్తుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. లోపల ఉన్న 18ని శాతంలో చెబితే 1800 శాతమే. అదే ఖాళీ సెల్‌కు ముందుగా శాతం ఫార్మాట్ ఇచ్చి 18 టైపు చేస్తే, మన ఉద్దేశం 18 శాతమని ఊహించి 0.18ని దాచుకుంటుంది.

ఒకటి కంటే చిన్న సంఖ్యల దగ్గర ఈ ఊహ కష్టమవుతుంది. 0.25 అంటే పావు శాతమా, లేక నాలుగో వంతు, అంటే 25 శాతమా? ఎక్సెల్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో 'ఎనేబుల్ ఆటోమాటిక్ పర్సెంట్ ఎంట్రీ' అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని తీసేస్తే శాతం సెల్‌లో టైపు చేసే ప్రతి సంఖ్యా వంద రెట్లవుతుంది: 18 కొడితే 1800%, 0.25 కొడితే 25%. కాబట్టి ఒక కంప్యూటర్‌లో సరిగ్గా వచ్చిన పద్ధతి మరో కంప్యూటర్‌లో తప్పు లెక్క ఇవ్వవచ్చు.

ఇంకో రెండు చిక్కులు

ఎక్సెల్‌లో % బటన్ నొక్కితే మామూలుగా దశాంశ స్థానాలు కనిపించవు. 0.25 శాతం 0%గా, 12.5 శాతం 13%గా కనిపిస్తాయి. లెక్క మాత్రం అసలు విలువతోనే జరుగుతుంది.

చాలా క్యాలిక్యులేటర్లలో 1000 + 18% అని నొక్కితే 1180 వస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో 18% అంటే 0.18 మాత్రమే కనుక జవాబు 1000.18. పన్ను కలిపిన ధర కావాలంటే =1000*(1+18%) అని రాయాలి.

ఏం చేయాలి?

రేటును ఎప్పుడూ % గుర్తుతో కలిపి, 0.25% అని టైపు చేయాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహించాల్సిన పని ఉండదు. ఇతరులు పంపిన షీటైతే, రేటు ఉన్న సెల్‌ను వేరే సెల్‌లో 100తో గుణించి చూడాలి. అది వంద రూపాయలకు పడే పన్ను. ముడి వజ్రాలకు అక్కడ పావలా వస్తే రేటు సరైనదే. పాతిక రూపాయలు వస్తే బిల్లు పంపకముందే సరిదిద్దాలి.