బేరింగుల ఎడము – ఇంటి వద్ద కొలుచు విధానము

మోటారు ఇంజనులో క్రాంక్ షాఫ్టు బేరింగుల మీద ఆనుకొని తిరుగుచున్నదని సామాన్యముగా అనుకొందుము. నిజమునకు ఇంజను సరిగా నడుచుచున్నంతసేపు ఆ రెండు లోహములు ఒకదానినొకటి తాకవు. వాటి నడుమ పలుచని నూనె పొర యుండును. ఆ పొర అంత బరువును ఎట్లు మోయునో 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితముతో వివరించెను. తిరుగు షాఫ్టు నూనెను సన్నగిల్లుచున్న సందులోనికి లాగికొనిపోవును. అక్కడ పుట్టిన ఒత్తిడి షాఫ్టును తేల్చి నిలుపును. ఆ నూనెకు చోటిచ్చు ఎడమునే మెకానిక్కులు క్లియరెన్సు అందురు.

షాఫ్టు వ్యాసములో ప్రతి అంగుళమునకు వెయ్యోవంతు అంగుళము ఎడము అన్నది వాడుకలోనున్న మోటు లెక్క. పాత అంబాసిడర్ కార్ల 1489 సి.సి. పెట్రోలు ఇంజనును తీసికొందము. అందులో మెయిన్ బేరింగులు మూడు, కనెక్టింగ్ రాడ్డు బేరింగులు నాలుగు. మెయిన్ జర్నలు వ్యాసము సుమారు రెండంగుళములు గనుక ఎడము 0.05 మిల్లీమీటరు, అనగా ఇంచుమించు ఒక తలవెంట్రుక మందము. కచ్చితమైన అంకెను ఆ ఇంజను పుస్తకములోనే చూచుకొనవలెను.

ఎడము మరీ తగ్గినచో నూనె పొర నిలువక, వేడిమికి షెల్సు పట్టుకొనిపోవును. పెరిగినచో కీడు మెల్లగా వచ్చును. బేరింగు అంచుల నుండి కారు నూనె ఎడము యొక్క ఘనమును బట్టి పెరుగును. ఎడము రెట్టింపైన, కారుట ఎనిమిది రెట్లగును. ఒత్తిడి పడిపోయి, దూరపు బేరింగులకు నూనె చాలదు.

ఇంజను విప్పినపుడు షెల్సు మార్చిన చాలునా, షాఫ్టును గ్రైండింగునకు పంపవలెనా అన్న ప్రశ్నకు ఈ కొలతే ముఖ్యాధారము. ట్యాక్సీతో ఇల్లు గడుపుకొనువానికి ఇది చిన్న విషయము కాదు. షాఫ్టు తిరిగి వచ్చువరకు బండి కదలదు. మన ఉస్తాదులు రాడ్డును చేతితో ఊపి తీర్పు చెప్పుదురు. వారి అనుభవమును మేము తక్కువ చేయము. కాని రెండు వెయ్యోవంతులకు, నాలుగు వెయ్యోవంతులకు గల భేదము చేతికి తెలియదు.

భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని స్క్రూగేజి 0.01 మిల్లీమీటరు వరకు చూపును గదా అని విద్యార్థులు అడుగవచ్చును. అది రెండంగుళముల షాఫ్టును పట్టజాలదు. పెద్ద మైక్రోమీటరు తెచ్చి షాఫ్టును, బేరింగు లోపలి వ్యాసమును వేరువేరుగా కొలిచి తీసివేసినను, రెండు కొలతలలోని దోషములు ఆ చిన్న శేషము మీదనే పడును. అందుచేత ఎడమునే నేరుగా కొలుచుట మేలు.

ఇందుకు ప్లాస్టిగేజు అను మెత్తని సన్నని దారము దొరకును. ఇంజనును తలక్రిందుగా నుంచవలెను. నిలువుగా నున్నచో షాఫ్టు బరువు క్యాపుల మీద పడి, ఉన్న ఎడము కంటె తక్కువ చూపును. క్యాపు విప్పి, షాఫ్టును, షెల్లును నూనె లేకుండ తుడువవలెను, ఏలనన ఆ దారము నూనెలో కరుగును. జర్నలు పొడవున దారపు ముక్క నుంచి, క్యాపును దాని గుర్తు ప్రకారము అమర్చి, టార్క్ రెంచితో పుస్తకములో చెప్పినంత బిగింపవలెను. ఈ సమయమున షాఫ్టును ఏమాత్రము త్రిప్పరాదు. క్యాపు తీసి చూచిన, దారము రిబ్బనువలె అణగియుండును. కవరు మీద అచ్చువేసిన కొలబద్దతో దాని వెడల్పును సరిపోల్చవలెను. వెడల్పు హెచ్చిన ఎడము తక్కువ. ఎక్కువ నలిగినదే వెడల్పగును గదా. ఒక కొన వెడల్పుగా, వేరొక కొన సన్నముగా నున్నచో జర్నలు ఏటవాలుగా అరిగినదన్నమాట. షాఫ్టును పావు చుట్టు త్రిప్పి క్రొత్త ముక్కతో మరల చూచిన, అండాకారపు అరుగుదల కూడ బయటపడును. పిదప దారమును నూనె గుడ్డతోనే తుడువవలెను. కత్తి, ఎమరీ కాగితము తగిలింపరాదు.

ఎడము పెరిగినదని కొందరు క్యాపు అంచులను ఆకురాయితో అరగదీసి బిగింతురు. అది గుండ్రని రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారము చేయుట. శబ్దము కొన్నాళ్లు అణగును. తరువాత క్రొత్త షెల్సు కూడ అందులో సరిగా కూర్చుండవు.

గ్రైండింగు చేయించినపుడు తగిన అండర్‌సైజు షెల్సు వేయుదురు. పెట్టె మీది అంకె చూచి తృప్తిపడక, బిగించుటకు ముందు ప్రతి బేరింగును మరల ఒకమారు దారముతో కొలువవలెను.